వదిలేశానని చెప్పిన చేప

మా తిరువూరులో చేప ఇంటికి రావడానికి మూడు దారులుండేవి: వల, గాలం, సంత. మాకు మొదటి రెండూ చేతకావు గనక మూడోదానితోనే తృప్తిగా బతికేవాళ్లం. నాలుగో దారి ఒకటుందని, అది కోడి ఈకల మీదుగా వెళుతుందని లెక్కల మాస్టారు చెప్పినప్పుడు నేనేమీ అనుమానించలేదు. పాపం ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు, కాసేపు నీడన కూర్చుంటే తగ్గుతుందిలే అనుకున్నాను.

మాస్టారు నా స్నేహితుడే. మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి. వాళ్ల తాత ఒకప్పుడు మిషన్ బంగళాలో దొరగారికి వంట చేసేవాడు. దొర తన దేశం వెళ్లిపోతూ ఆయనకు ఒక టోపీ, ఒక కేకు గిన్నె, ఒక పొడవాటి అల్యూమినియం గొట్టం ఇచ్చి వెళ్లాడట. టోపీ ఏమైందో తెలియదు. గిన్నెలో కోళ్లకు నీళ్లు పెడుతున్నారు. గొట్టం మాత్రం అటక మీద భద్రంగా ఉంది. అందులో వెదురు చీలికలు అతికించి చేసిన మూడు ముక్కల గాలం కర్ర, ఇత్తడి రీలు ఉన్నాయి. దొర ఏటా చలికాలం మన్యం వెళ్లి కొండవాగుల్లో ఆ కర్రతో చేపలు పట్టేవాడట. వానపాము గానీ పిండిముద్ద గానీ ఎర పెట్టేవాడు కాదట. గాలానికి ఈకలు చుట్టి, దాన్ని ఈగలా తయారుచేసి, నీళ్లమీద వాలినట్టు ఆడించేవాడట. అన్నిటికన్నా విడ్డూరం, పట్టిన చేపని రెండు చేతుల్లోకి తీసుకుని, కాసేపు చూసి, మళ్లీ నీళ్లలోనే వదిలేసేవాడట.

“మరి తినేదేంటి?” అన్నాను.

“మా తాత వండిన కోడి.”

“ఈకలూ దానివేనా?”

“నీకన్నీ వేళాకోళమే,” అన్నాడు మాస్టారు.

ఆ మాట ఆ రోజుల్లో నాకు పడేది కాదు. కారణం చెబుతాను.

అప్పుడు నేను పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాని. వినగడపలో రిటైరైన హెడ్మాస్టరుగారొకరు ఉండేవారు. ఆయన కూతురు గంపలగూడెం స్కూల్లో టీచరు. మా పాస్టరుగారు ఆ సంబంధం చెప్పి నన్ను చూపులకు తీసుకెళ్లారు. హెడ్మాస్టరుగారు నన్ను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, ఎం.ఏ.లో ఎకనామిక్సే ఎందుకు తీసుకున్నావని అడిగారు. పాలిటిక్సులో సీట్లు నిండిపోయాయండి అన్నాను. అది నిజం. కానీ టీ కప్పులు తెస్తున్న అమ్మాయి గుమ్మంలోనే ఆగి నవ్వేసింది. నాలుగు కప్పుల్లో రెండు తొణికాయి. హెడ్మాస్టరుగారు మాత్రం నవ్వలేదు. సాసరులో పడిన టీని చూస్తూ, “అబ్బాయ్, హాస్యం ఊరగాయ లాంటిది. విస్తరి నిండా అదే వడ్డించకూడదు,” అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఒక నిర్ణయానికి వచ్చాను. నా మాటకు టీ ఒలకబోసుకునే మనిషి నాకు మళ్లీ దొరకదు. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలి.

వారం తర్వాత పాస్టరుగారు అటునుంచి కబురు తెచ్చారు.

“నీ ఉద్యోగం బాగానే ఉందన్నారు. మనిషీ ఫరవాలేదన్నారు. నీ నోటి దగ్గరే వచ్చింది చిక్కు. ఎప్పుడూ వేళాకోళమాడేవాడు ఏ మాట నిజం చెబుతున్నాడో, ఏది కాదో తెలుసుకునేదెలాగ అంటున్నారు. వాకబు చేసి, కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక చెబుతారట.”

మా వైపు వాకబు అంటే సామాన్యమైన వ్యవహారం కాదు. చేసేవాడెవడో మనకు తెలియదు. టీ కొట్టులో మన బల్లమీదే కూర్చున్నవాడు కావచ్చు. బస్సులో కాస్త జరగమన్నవాడు కావచ్చు. మూడు వారాలపాటు నేను తిరువూరు మెయిన్ రోడ్డులో పెళ్లికొడుకులా నడిచాను. సిగరెట్టు కాల్చుకోవాలంటే ఆఫీసు రికార్డుల గదిలోకి పోయేవాణ్ణి. క్షవరం చేస్తూ మంగలి “ఏంటి సార్, ఈమధ్య మాట్లాడ్డం లేదు?” అంటే, వీడెందుకు అడుగుతున్నాడని రాత్రంతా ఆలోచించాను.

సరిగ్గా అప్పుడే మాస్టారు, క్రిస్మస్ సెలవుల్లో మన్యం వెళదామని పట్టుబట్టాడు. ఎమర్జెన్సీలో అది రెండో చలికాలం. నేను వెంటనే సరేనన్నాను. ఊళ్లో లేనివాడి మీద వాకబు ఎలా చేస్తారని నా ధీమా.

మాస్టారి ఏర్పాట్లు కూడా అనుమానాలు రేకెత్తించేవే. పక్కింటి డేగ పుంజుని పట్టుకుని, మెడ మీది ఎర్ర ఈకలు ఎనిమిది పీకాడు. పీకుతుంటే పక్కింటావిడ చూసింది. ఎనిమిది ఈకలు, నల్లదారం, సూదులు ఒక సబ్బు పెట్టెలో దాచే మనిషి చేతబడి కాక ఇంకేం చేస్తాడు? ఆవిడ ఆ సాయంత్రమే గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. మాస్టారు ఆదివారం గుడిలో వాక్యం చదివే మనిషి అయినా సరే, ఆవిడ నిమ్మకాయలు విప్పలేదు.

జీపు షావుకారుది. షావుకారంటే నా ఈడువాడే, మా వీధిలో రైసుమిల్లు వాళ్లబ్బాయి. చిన్నప్పుడు కలిసి గోళీలాడుకున్నాం. తర్వాత నేను నూజివీడులో హాస్టలుకి పోయాను, వాడు ఇక్కడి బళ్లలోనే చదివి మిల్లులో కూర్చున్నాడు. వాళ్లింట్లో గుడ్డు మాటే ఎత్తరు. మా ఇంట్లో చేపలు వేయిస్తే వాడు వీధి చివరి దాకా వెళ్లి నిలబడేవాడు. జీపు అడగడానికి వెళితే ఏం ఆలోచించకుండా, “నేనూ వస్తా,” అన్నాడు.

“ఈగతో చేపలు పడతార్రా అక్కడ!” అన్నాను.

“ఈగలు కావాలంటే మా కొట్లో బెల్లం దగ్గర బోలెడున్నాయి, పట్టుకుపోండి. నేనైతే వస్తా.”

చేప వాసన పడనివాడు నాలుగు రోజుల చేపల వేటకు ఎందుకొస్తాడు? బయల్దేరే రోజు చూస్తే జీపు వెనకాల టార్పాలిన్ పట్టా కింద మూడు బస్తాలున్నాయి. లెవీ రోజులు, బియ్యం జిల్లా దాటించడం నేరం. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. మన్యంలో బియ్యం అమ్ముకోవడానికి మమ్మల్ని అడ్డం పెట్టుకున్నాడన్నమాట. స్నేహితుడు గనక పైకేమీ అనలేదు.

జీపులో నాలుగో మనిషి ఒకడున్నాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో పాకెట్ పుస్తకం, చెవి మీద పెన్సిలు.

“మనవైపు గవర్నమెంటాసుపత్రి కాంపౌండరుగారు,” అన్నాడు షావుకారు. “మన్యంలో జ్వరాలు. క్వినైన్ బిళ్లలిచ్చేవాడు పక్కనుంటే మంచిది కదా అని రమ్మన్నా.”

“మాది వినగడపండి,” అన్నాడు కాంపౌండరు నాకు నమస్కారం పెడుతూ. “హెడ్మాస్టరుగారిది మా వీధే. మీ సంగతి విన్నానండి.”

ఆయన పాకెట్ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఊళ్లో తప్పించుకున్న వాకబు టిఫిను డబ్బాతో సహా జీపెక్కి నా పక్కనే కూర్చుంది.

సత్తుపల్లి, కొత్తగూడెం, భద్రాచలం. దారి పొడవునా ఆయన ప్రశ్నలే.

“సిగరెట్టు అలవాటుందాండి?”

“ఛ ఛ,” అన్నాను. జేబులో ఉన్న పెట్టెను జీపు కుదుపుల్లో సీటు కిందకి జార్చేశాను.

“వయసెంతండి?”

“ఇరవయ్యేడండి.”

“ఇంకా పెళ్లి కాలేదు,” అంటూ ఆయన నిట్టూర్చాడు. నా కోసం నిట్టూర్చే మనిషి కాంపౌండరు ఒక్కడే. దాంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది.

చింతూరు దాటాక అడవి మొదలైంది. రోడ్డుకి అడ్డంగా ఒక గేటు, పక్కన గుడిసె. గార్డు వచ్చి జీపు చుట్టూ తిరిగాడు. ఆయన కన్ను అల్యూమినియం గొట్టం మీద పడింది. ఆ రోజుల్లో అడవిలోకి పోయే చదువుకున్న కుర్రాళ్లంటేనే అనుమానం. వాళ్ల దగ్గర నాలుగడుగుల గొట్టం కూడా ఉంటే చెప్పక్కర్లేదు.

“ఏంటిది?”

“చేపలు పట్టే కర్రండి,” అన్నాడు మాస్టారు.

“వలేది?”

“వల వెయ్యమండి.”

“ఎరేది?”

“ఎర ఉండదండి. కోడి ఈకలు.” మాస్టారు సబ్బు పెట్టె తెరిచి చూపించాడు. గార్డు ఒక అడుగు వెనక్కి వేశాడు.

“పట్టి ఏం చేస్తారు?”

“వదిలేస్తామండి.”

గార్డు మమ్మల్ని ఒక్కొక్కర్నీ తీరిగ్గా చూశాడు. “నలుగురు మనుషులు, ఒక జీపు, ఇంత దూరం వచ్చి, కోడి ఈకతో చేపని పట్టి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. అంతేనా?”

“అంతేనండి.”

“దిగండి.”

మాస్టారు చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నిజం చెబితే ఎంత ఘోరంగా వినిపిస్తుందో నాకు ఆ గేటు దగ్గరే తెలిసింది. అప్పుడు షావుకారు స్టీరింగు వదిలి దిగాడు. గార్డు భుజం మీద చెయ్యి వేసి, “వీళ్ల మాటలకేంలెండి. మా మిల్లుకి వెదురు తట్టలు కావాలి, అడ్వాన్సు మాట్లాడ్డానికి పోతున్నాం. ఆ గొట్టంలో ఉంది నెల్లూరు నుంచి తెప్పించిన కొలతబద్ద,” అన్నాడు. వాడి మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా,” అని గార్డు గేటెత్తాడు.

జీపు కదిలాక, “ఇంత నిదానంగా అబద్ధం చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావురా?” అన్నాను.

“ఐదో తరగతిలో. మా మాస్టారు నిజం చెప్పినవాణ్ణి కూడా కొట్టేవాడు, గట్టిగా చెప్పలేదని. అప్పట్నుంచి ఏం చెప్పినా గట్టిగా చెప్పడం అలవాటైంది.”

కాంపౌండరు మళ్లీ పెన్సిలు తీశాడు. అబద్ధం షావుకారు చెబితే రాత నా ఖాతాలో పడుతుందేమోనని, “నాకిలాంటివి నచ్చవండి,” అని ఆయనతో గుసగుసగా అన్నాను. ఆయన అయోమయంగా తలూపాడు.

వాగు ఒడ్డున ఒక ట్రావెలర్స్ బంగళాలో దిగాం. షావుకారు బస్తాలు విప్పాడు. నేను పక్కనే నిలబడి చూశాను. మొదటి దాంట్లో కిరసనాయిలు స్టవ్వు, ఇత్తడి గిన్నెలు. రెండో దాంట్లో పరుపు. మూడో దాంట్లో అప్పడాలు, వడియాలు, ఊరగాయ జాడీలు, పప్పుల డబ్బాలు. బియ్యం ఉన్నాయి గానీ మా నలుగురికీ నాలుగు రోజులకే సరిపోతాయి. ఇంత ప్రయాణం వాడు అప్పడాలు వేయించుకోవడానికే వచ్చాడా? నా అనుమానానికి ఆధారం పోయింది గానీ అనుమానం పోలేదు.

మన్యం వాగు మా కృష్ణా కాలవలా బద్ధకంగా పారదు. రాళ్ల మీద దూకుతూ, లోతున్న చోట పచ్చగా నిలిచి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు అన్నంత తేటగా ఉంటుంది. మాస్టారు మోకాలిదాకా నీళ్లలో దిగి, కర్రని వెనక్కీ ముందుకీ ఊపాడు. దారం గాల్లో సుళ్లు తిరిగి మొదట చెట్టుకి, తర్వాత చొక్కాకి, మూడోసారి నా చెవికి తగులుకుంది. బంగళా వాచ్‌మన్ గట్టుమీద కూర్చుని గంటసేపు చూసి, జాలిగా అడిగాడు.

“పిట్టల్ని తోలుతున్నారా బాబూ?”

రెండో రోజుకి దారం నీళ్లమీద పడడం మొదలెట్టింది. చేపలే పడలేదు. నేనుమాత్రం భక్తిలో బాగా ముందుకెళ్లాను. కాంపౌండరుగారు చూస్తుండగా పొద్దున లేవగానే ప్రార్థన, టీకి ముందు ప్రార్థన, పులిహోరకి ముందు ప్రార్థన. ఒక్కోటీ ముందుదానికన్నా కాస్త పెద్దది. ఆ మధ్యాహ్నం కళ్లు తెరిచేసరికి పులిహోర చల్లారిపోయింది.

“మీ దేవుడికి చెవుడా ఏంట్రా?” అన్నాడు షావుకారు. “ఒకసారి చెబితే వినడూ?”

“భోజనం దగ్గర హాస్యం తగదు,” అన్నాను గంభీరంగా, కాంపౌండరుకి వినబడేలా.

మాస్టారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నావైపు చూశాడు. “వీడికి జ్వరమొచ్చినట్టుంది. ఒక బిళ్ల వెయ్యండి కాంపౌండరుగారూ.”

మూడో రోజు మధ్యాహ్నం సంగతి బయటపడింది. మాస్టారు గాలానికి కొత్త ఈక చుట్టుకుంటున్నాడు. కాంపౌండరు పక్కనే చతికిలబడి, గొంతు సవరించుకుని, పాకెట్ పుస్తకం తెరిచాడు.

“మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీకిద్దరు పిల్లలు గదా. చాలదూ?”

“దేనికండీ?”

“చిన్న ఆపరేషనండి. పావుగంట పని. మీరు సైకిలు కూడా తొక్కొచ్చు, వారం ఆగితే.” ఆయన పుస్తకంలో ఒక పేజీ తిప్పాడు. “నెలాఖరులోపు నేను ఫ్యామిలీ ప్లానింగుకి ఆరుగుర్ని తీసుకెళ్లాలండి. ముగ్గురే అయ్యారు. లేకపోతే శ్రీకాకుళం అవతలకి బదిలీ చేస్తారంట. మీ జీపులో మనుషులెవరున్నారని షావుకారుగారిని అడిగితే మీ పేరు చెప్పారు, అందుకే వచ్చానండి.”

పుస్తకంలో ఉన్నదంతా అదే. దారిలో ఆగిన ఊళ్లలో, టీ కొట్లలో కనబడిన మగవాళ్లు, ఒక్కొక్కరికీ ఎదురుగా పిల్లల సంఖ్య. గార్డుకి ఎదురుగా నాలుగు. నా పేరుకి ఎదురుగా సున్నా, దాని చుట్టూ ఒక నిరాశ గీత. మూడు రోజుల ప్రార్థనలూ నేను ఆ సున్నా కోసం చేశానన్నమాట.

మాస్టారు కర్ర నా చేతిలో పెట్టి, వాగు పై వైపుకి నడిచాడు. “ఒక్కమాట వినండి మాస్టారూ!” అంటూ కాంపౌండరు ఆయన వెంటపడ్డాడు. ఇద్దరూ రాళ్లమీద చిన్నవైపోయి, మలుపు దగ్గర కనబడకుండా పోయారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. జీపు సీటు కింద నుంచి సిగరెట్టు పెట్టె తీసి, ఒకదాని వెంట ఒకటి మూడు కాల్చాను. షావుకారు గట్టుమీద కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మూడు వారాలుగా నోట్లో బిగబట్టినవన్నీ వాడిముందు విప్పాను. హెడ్మాస్టరుగారిలా చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చినట్టు తల వంచి, “అబ్బాయ్, హాస్యం ఊరగాయ లాంటిది,” అని అటూ ఇటూ నడిచి చూపించాను. షావుకారు పడీపడీ నవ్వాడు. అవసరానికి మించి నవ్వాడని తర్వాత తోచింది.

“నీకా అమ్మాయి నిజంగా నచ్చిందా?” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

“నచ్చింది.”

“ఇదీ వేళాకోళమేనా?”

“కాదురా. ఈ ఒక్కటీ కాదు.”

వాడు గింజ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

నేను ఊరికే, చేతిలో ఉంది గనక, కర్ర ఊపాను. దారం ఎలాగో తిన్నగా పోయింది. ఎర్ర ఈక పచ్చటి మడుగు మీద వాలి, రెండు సార్లు వణికింది. కింద నుంచి బంగారు రంగు మెరుపొకటి పైకి లేచింది. కర్ర విల్లులా వంగింది.

తర్వాత జరిగిన దాంట్లో నా ప్రజ్ఞ ఏమీ లేదు. రీలు తిరిగింది, నేను జారాను, లేచాను, మళ్లీ జారాను. షావుకారు గట్టుమీద నుంచి, “లాగరా! వద్దురా, వదలరా! లాగరా!” అని అరిచాడు. చివరికి అది అలిసిపోయి నా మోకాళ్ల దగ్గరికి వచ్చింది. మోచేతి పొడవుంది. ఒక్కో పొలుసూ ఇత్తడి రంగులో, రూపాయి బిళ్లంత. గాలం ఊడదీసి రెండు చేతుల్తో ఎత్తాను. దాని బరువు చూస్తూ, దీన్ని ఊరిదాకా ఎలా తీసుకెళ్లాలి, హెడ్మాస్టరుగారింటి గుమ్మంలో ఎలా దింపాలి అని ఆలోచిస్తున్నాను. నా ఆలోచన అంత సాగింది. చేప తోక ఒక్కసారి ఝాడించింది. చెంప మీద చెళ్లుమని తగిలింది. చేతులు ఖాళీ అయ్యాయి.

షావుకారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడే మలుపు దగ్గర మాస్టారు పరిగెత్తుకుంటూ కనబడ్డాడు. కేకలు విన్నట్టున్నాడు.

“పడిందా? ఏదీ? ఏదీ?”

“వదిలేశాను,” అన్నాను.

ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. చెంప మంట ఇంకా తగ్గలేదు. మాస్టారు నీళ్లలోనే నిలబడిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా రెండు చేతులూ పట్టుకుని, “దొరలాగే చేశావు. మా తాత ఉంటే...” అని ఆగిపోయాడు. ఆపరేషన్ గోల కూడా మర్చిపోయాడు. అలాంటి మనిషితో, లేదు మాస్టారూ, అది నన్ను కొట్టి పారిపోయింది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. షావుకారు మిగిలిన వేరుసెనక్కాయలు జేబులో వేసుకుని పైకి చూస్తూ కూర్చున్నాడు.

“ఒరేయ్, నువ్వేం చూశావు?” అన్నాను మాస్టారు అటు తిరగ్గానే.

“నేనా? కొండలు చూశా.”

తిరువూరు చేరిన రెండు రోజుల్లో మాస్టారు ఆ కథని ఊరంతా పంచాడు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నలుగురు మగాళ్లు నాలుగు రోజులు అడవిలోకి పోయి ఖాళీ చేతుల్తో వచ్చి, చేపని పట్టి వదిలేశామంటే ఎవరు నమ్ముతారు? పేకాటకి పోయారని టీ కొట్టు, కలప దొంగతనానికని మంగలి, ఇంకేదో అని పక్కింటావిడ. గుమ్మం మీద ఇంకో రెండు నిమ్మకాయలు పెరిగాయి. ఇన్ని అనుమానాలు వినగడప దాకా పోతే నా గతేమిటని నాకు అన్నం సయించలేదు.

కొత్త సంవత్సరం ఆరాధన అయిన మర్నాడు హెడ్మాస్టరుగారు కబురు పెట్టారు. ఈసారి ఒక్కణ్ణే రమ్మన్నారు. అదే గది, అదే కుర్చీ. లోపలి గుమ్మానికి తెర వేసి ఉంది. తెర కింద రెండు పాదాలు కదలకుండా నిలబడి ఉన్నాయి.

“మూడు సిగరెట్లు,” అన్నారాయన ఉపోద్ఘాతం లేకుండా. “వరసగా. నిజమేనా?”

“నిజమేనండి.”

“నా నడక నడిచి చూపించావట.”

“చూపించానండి.”

తెర కింద పాదాలు కొంచెం కదిలాయి. నా చెవుల్లో వాగు హోరు మొదలైంది. సిగరెట్లు కాల్చినప్పుడు, ఆ నడక నడిచినప్పుడు నా ఎదురుగా ఉన్నది ఒక్కడే. వాడు మా గుడికి రాడు, మా మనిషి కాడు, చేపంటే ఆమడ దూరం పోతాడు. మా సంబంధాల వాకబులు మావాళ్ల ద్వారానే జరుగుతాయని నా లెక్క. ఈ ముసలాయన ఒకప్పుడు తిరువూరు బళ్లో ఐదో తరగతికి చెప్పి ఉంటాడని, ఆయన బెత్తం దెబ్బలు తిన్న షావుకారు ఇప్పటికీ ఆయన మాట కాదనడని నాకు తట్టనే లేదు.

“నీ స్నేహితుడు ఇంకో మాట కూడా చెప్పాడు,” అన్నారాయన. అద్దాలు తీసి తుడుచుకున్నారు. “మోచేతి పొడవు చేప చేతికి చిక్కితే, జాలిపడి వదిలేశావట. సిగరెట్లు, వేషాలు ఎలా ఉన్నా, ఆ ఒక్కటి నాకు నచ్చింది. చేతికందినదాన్ని వదలగలిగినవాడు నా కూతురికి అన్యాయం చెయ్యడు. అమ్మాయికి కూడా అదే చెప్పాను.” ఆయన నా కళ్లలోకి చూశారు. “నీ నోటితో ఒకసారి చెప్పు. వదిలేశావా?”

అవునండి అంటే అయిపోతుంది. ఊరు నమ్మని అబద్ధాన్ని ఈయన ఒక్కడే నమ్మాడు, నేను తలూపితే చాలు. తెర కింద పాదాలు చూశాను. రేపు ఆ మనిషి నా మాటకు నవ్వాలి. ఏది నిజమో తెలియకుండా నవ్వడం కాదు, తెలిసి నవ్వాలి.

“లేదండి,” అన్నాను. “అదే జారిపోయింది. పోతూ పోతూ నన్ను చెంప మీద కొట్టింది. ఇక్కడ.”

తెర వెనక ఒక గ్లాసు కిందపడి దొర్లింది. ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నట్టు వినబడింది.

హెడ్మాస్టరుగారు అద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. “ఎవరైనా తమకి లాభముంటేనే అబద్ధమాడతారు. చేతికొచ్చిన సంబంధం పాడయ్యేటట్టు ఎవడూ ఆడడు,” అన్నారు, నాతో కాదు, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. “అమ్మాయీ, టీ పట్టుకురా. నిదానంగా తే.” ఆ వెంటనే స్వరం మారింది. “ఆ మిల్లువాణ్ణి రేపు సాయంత్రం నా దగ్గరికి రమ్మని చెప్పు. వాడికి ఐదో తరగతి ఇంకా అయినట్టు లేదు.”

మర్నాడు షావుకారు నిజంగానే వెళ్లాడు. రాత్రి మిల్లు అరుగు మీద కూర్చుని చెవి రుద్దుకుంటున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

“నా మీద నువ్వే వాకబు చేశావన్నమాట!”

“మరి! మా ఐదో తరగతి మాస్టారు నాలుగు రోజులు నీ కూడా తిరిగి చూసి చెప్పమన్నాడు. లేకపోతే ఆ కంపులో నాకేం పనిరా?”

“చేప సంగతి అబద్ధమెందుకు చెప్పావు?”

“అన్నీ మంచివే చెబితే ఆయన నమ్మడు. అన్నీ నిజాలే చెబితే నీకు పిల్లనివ్వడు. అందుకని రెండు నిజాలు పోసి, ఒక అబద్ధం కలిపా. మిల్లులో నూకలు కలిపినట్టు, తెలియకుండా.” వాడు నావైపు తిరిగి నిజంగా బాధపడుతూ అన్నాడు. “నువ్వు నిజం చెబుతావని నేనెలా అనుకుంటాన్రా?”

వేసవిలో పెళ్లయింది. మాస్టారికి మాత్రం నిజం చెప్పలేదు. తనకి మూడో బిడ్డ పుట్టేదాకా ఆయన ఆ చేపనే తలుచుకుంటూ ఉన్నాడు. మా ఆవిడ ఇప్పటికీ షావుకారు భోజనానికి వచ్చినప్పుడల్లా, “అసలా చేప ఎంతుంది?” అని అడుగుతుంది. మోచేతి పొడవు అంటాను. ఆమె వాడివైపు చూస్తుంది. వాడు అప్పడం విరుచుకుంటూ, గేటు దగ్గర గార్డుతో మాట్లాడినంత నిదానంగా, “అవునమ్మా, సరిగ్గా అంతే,” అంటాడు.

అప్పుడు మొదలవుతుంది ఆమెకు అనుమానం.